సహపంక్తి: హుగ్లీ తీరమున వేదాంత విద్య



ఏ మహనీయుని స్మరించుటకై ఈ సాయంకాలము ఈ కలకత్తా నగరమున సమావేశమైతిమో, ఆ కృష్ణమోహన బంద్యోపాధ్యాయులు 1813లో కులీన బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, ఉపాధ్యాయుడైన డిరోజియో ప్రభావమున మేల్కొనిన యువతరమునకు నాయకులలో ఒకరై, 1832లో మిషనరీ అలెగ్జాండర్ డఫ్‌గారి చేత బాప్తిస్మము పొంది, పిమ్మట ఆంగ్లికను సంఘమున గురుత్వాభిషేకము నొంది, 1852 మొదలు 1868 వరకు బిషప్స్ కళాశాలలో ఆచార్యత్వము నెరపిరి. వంగభాషలో విద్యాకల్పద్రుమమను విజ్ఞాన గ్రంథమాలను వెలయించిరి. 1861లో హిందూ దర్శనములను గూర్చిన సంవాద గ్రంథమును, 1875లో ఆర్యన్ విట్నెస్ అను గ్రంథమును రచించి, తన్ను తాను బలిగా నర్పించుకొన్న ప్రజాపతిని గూర్చిన వేదభావన క్రీస్తునందు సఫలమైనదని వాదించిరి. కలకత్తా విశ్వవిద్యాలయము 1876లో వారికి డాక్టరు బిరుదము నిచ్చి గౌరవించినది. ఆ పాండిత్యమును వివరింపగల సమర్థులు ఈ సభలోనే కలరు. నేను ప్రసంగింప దలచినది వారు కోల్పోయిన పంక్తిని గూర్చియు, ఆ నష్టము క్రైస్తవ వేదాంత కళాశాలపై మోపిన ఋణమును గూర్చియు.

1831 ఆగస్టు నెలలో ఒకనాడు, కృష్ణమోహనులు ఇంట లేని సమయమున, వారి మిత్రులు కొందరు అక్కడ చేరి గోమాంసము భుజించి, యౌవనమదముచేత ఆ ఎముకలను ప్రక్క బ్రాహ్మణగృహమున విసరివైచిరి. వీధి యంతయు క్షోభించినది. ఆ దుశ్చేష్టలో తమకు పాలు లేకున్నను, మిత్రులను త్యజించుటకు గాని, తమ భావములను ఉపసంహరించుకొనుటకు గాని సమ్మతింపనందున, ఆ పదునెనిమిదేండ్ల యువకుడు పుట్టినింటినుండి వెడలిపోవలసి వచ్చెను. మన దేశమున ఒకనిని వెలివేయుట యనగా వానితో వాదించుట కాదు, వానితో కలిసి భుజింపకుండుట. సిద్ధాంత భేదములెన్నియున్నను ఒక విస్తరి ప్రక్క మరియొక విస్తరి పరచుచున్నంత వరకు బంధుత్వము నిలుచును. విస్తరి తీసివేసిన నాడు తల్లిదండ్రులును పరాయివారగుదురు. క్రైస్తవుడైన ప్రతి సవర్ణుడును ఈ దేశమున ఒక పంక్తిని పోగొట్టుకొనియే వచ్చెను. అవర్ణులుగా ఎంచబడినవారి సంగతి వేరు; వారికి పోగొట్టుకొనుటకు పంక్తియే లేదు. ఈ ఇరువురిని ఒక చోటికి పిలిచి, ఇదిగో మీకు దేవుని గూర్చి బోధించెదమని చెప్పు కళాశాల, మొదట వారి నిరువురిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టగలిగినదా లేదా యను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. ఆ సమాధానమే దాని మొదటి పాఠము. గ్రీకు వ్యాకరణము తరువాతి పాఠము.

ఈ మాట నేను క్రొత్తగా కల్పించి చెప్పుట లేదు. ఇచటికి కొద్ది దూరమున, హుగ్లీ పడమటి గట్టున నున్న సెరాంపూరులో ఈ సత్యము కళాశాలకంటె ముందు పుట్టినది. 1800 జనవరిలో మిషనరీ విలియం కేరీ, డెన్మార్కు పాలనలోని ఆ చిన్న పట్టణము చేరి తోటి మిషనరీలైన మార్ష్‌మను, వార్డులతో కలిసినప్పుడు, వారు ప్రప్రథమమున రచించుకొన్నది వేదాంత ప్రణాళిక కాదు, గృహనిర్వహణ ప్రణాళిక. కుటుంబములన్నియు ఒకే ఇంట నివసించి ఒకే బల్లయొద్ద భుజింపవలెను. గృహకార్యముల పర్యవేక్షణ నెలకొకరి వంతు. కోశాధికారియు ఔషధముల రక్షకుడును కేరీ. ఎవరి సంపాదన యైనను సామాన్యనిధికే చెందవలెను; 1801 మొదలు ఫోర్ట్ విలియం కళాశాలలో కేరీ ఆర్జించిన వేతనమును, మార్ష్‌మను దంపతుల పాఠశాలల ఆదాయమును ఆ నిధిలోనే పడినవి. ఇక అన్నిటికంటె ముఖ్యమని నేను తలచునది శనివారపు నియమము. ప్రతి శనివారము సాయంకాలమున అందరు కూడి, ఆ వారములో తమ నడుమ పుట్టిన మనస్పర్ధలను బయలుపరచి, పరిష్కరించుకొని, ప్రేమించుకొందుమని మరల ప్రమాణము చేసికొని, అటుపిమ్మట ఆదివారపు ఆరాధనకు పోవుదురు. బలిపీఠము నొద్దకు వచ్చినవాడు అర్పణమును అచ్చటనే విడిచి, ముందుగా సహోదరునితో సమాధానపడి రావలెనన్న ప్రభువు ఆజ్ఞను దినచర్యగా మార్చుకొన్న ఇల్లు అది. సెరాంపూరు త్రయము ముద్రించిన గ్రంథములను, అనువదించిన భాషలను లెక్కించి ఆశ్చర్యపడువారు చాలమంది కలరు. ఆ శనివారములు లేకున్నచో ఆ గ్రంథములలో సగమైన వెలువడియుండవని నా విశ్వాసము.

ఆ ఇల్లు శాంతినిలయమని భ్రమపడరాదు. మతిభ్రమణముతో బాధపడుచుండిన కేరీ భార్య డొరొతీ, 1807లో కన్నుమూయు వరకు ఆ కుటుంబములోనే యుండెను. తల్లి లాలన కరవై, తండ్రి పుస్తకములలో మునిగియుండగా దారితప్పుచున్న ఆ పిల్లలను హన్నా మార్ష్‌మనును వార్డును చేరదీసిరి. అంతమందికి అన్నము పెట్టు బాధ్యతను, బాలికలకు పాఠశాల నడపు బాధ్యతను మోసిన హన్నాయే ఆ సమాజమునకు నడుము. 1805లో ఆ సేవకులు వ్రాసికొని, ఏటేట మూడుమార్లు చదువుకొనవలెనని విధించుకొన్న ఒడంబడికపై తొమ్మిదిమంది పురుషుల సంతకములు కలవు. ఆమె పేరు లేదు. ఈ లోపమును నేను చిన్నదిగా ఎంచజాలను. వంట చేసినవారి పేరు లేకుండ సమష్టి జీవన చరిత్ర వ్రాయుట మనలో ఇంకను సాగుచున్న అలవాటు.

1800 డిసెంబరు 22వ తేదీన ఆ బల్లయొద్దకు కృష్ణపాలుడను వడ్రంగియు, గోకులుడను మరియొకడును వచ్చి, అందరు చూచుచుండగా మిషనరీలతో కలిసి భుజించిరి. బాప్తిస్మము ఆరు దినముల తరువాతి మాట. హుగ్లీలో నీటి మునక పొందుటకు ముందే ఆ వడ్రంగి అన్నము చేత సాక్ష్యమిచ్చెను. జనసమూహము అతనిని న్యాయాధికారి యొద్దకు ఈడ్చుకొనిపోగా, ఆ డేనిష్ అధికారి నిందితుని విడిచిపెట్టి రక్షణ కల్పించెను. 1803లో బ్రాహ్మణుడుగా జన్మించిన కృష్ణప్రసాదుడు ఆ వడ్రంగి కుమార్తెను వివాహమాడెను. అదే సంవత్సరమున గోకులుడు మరణించినప్పుడు, అతని శవపేటికను మార్ష్‌మనును, కేరీ కుమారుడు ఫెలిక్సును, బ్రాహ్మణుడుగా పుట్టిన ఒకడును, ముసల్మానుగా పుట్టిన ఒకడును కలిసి మోసిరి. కళాశాల 1818లో గాని స్థాపింపబడలేదు. డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ పట్టము లొసగు అధికారపత్రమును దానికి అనుగ్రహించుట 1827లో జరిగినది. పంక్తి మొదట, పెండ్లి పిమ్మట, పాడె ఆ పిమ్మట, వీని తరువాత విద్యాపీఠము. ఈ క్రమమును నేను యాదృచ్ఛికమని అనుకొనను.

అయినను ఆ బల్ల విరిగినది. ఇంగ్లండునుండి తరువాత వచ్చిన యువ మిషనరీలు పెద్దల అధికారమును, ముఖ్యముగా మార్ష్‌మను పెత్తనమును సహింపజాలక, 1817 ప్రాంతమున విడిపోయి కలకత్తాలో వేరు సంఘముగా ఏర్పడిరి. వారిలో కేరీ సోదరుని కుమారుడు యూస్టేసు కూడ కలడు. ఆస్తి ఎవరిదను వివాదము సముద్రము దాటి సాగి, 1827లో సెరాంపూరు ఇంగ్లండులోని తన మాతృసంస్థనుండియే వేరుపడెను. శనివారపు ప్రమాణము ఈ కలహమును ఎందుకు ఆపలేకపోయినది? ఆ నియమమును ఏర్పరచుకొన్నవారు సమానులు. పిదప వచ్చినవారు సమానులుగా ఎంచబడలేదు. అన్నము పంచి అధికారము పంచనిచోట సహవాసము నిలువదని ఆ పెద్దల జీవితమే తెలుపుచున్నది. వారిపై నాకు గల భక్తి ఈ మాట చెప్పకుండ నన్ను ఆపరాదు.

ఇప్పుడు హుగ్లీ వెంబడి దక్షిణముగా శిబ్‌పూరునకు వత్తము. కలకత్తా ప్రథమ బిషప్పు థామస్ ఫాన్‌షా మిడిల్టను, 1820 డిసెంబరు 15న వృక్షశాస్త్రోద్యానపు ప్రక్కన బిషప్స్ కళాశాలకు శంకుస్థాపన చేసెను. ప్రథమాధ్యక్షుడైన విలియం హాడ్జ్ మిల్ సంస్కృతమున శ్రీ క్రీస్తు చరిత్రను శ్లోకములుగా, క్రిస్తసంగీత యను పేర రచించిన పండితుడు. అనుష్టుప్పున సువార్తను పలికింపగల అధ్యక్షుడున్న ఆ విద్యాలయమున, భోజనశాలలోను వస్త్రధారణలోను ఏమి జరిగినదో చూడుడు. 1844లో, పిమ్మట వంగకవిగా వెలసిన మైకేల్ మధుసూదన దత్తు అచ్చట విద్యార్థిగా చేరెను. యూరోపియను విద్యార్థులు ధరించు కళాశాల వేషము దేశీయులకు తగదని నిర్వాహకులు నిషేధించిరి. అందరికి ఒకే వేషమైన ఈయవలెను, లేదా మా దేశపు వేషమునైన ధరింపనీయవలెనని ఆయన పట్టుపట్టి, ఒకనాడు మిరుమిట్లు గొలుపు దేశీయ వస్త్రములు ధరించి వచ్చి, అధికారులను ఇరకాటమున బెట్టెను. ఈ ఉదంతమును తరువాతి తరముల కందించినవారు మన కృష్ణమోహనులే.

మన పెద్దలు పంక్తిభేదమును మహాదోషముగా ఎంచిరి. పంక్తిలో కూర్చుండబెట్టిన తరువాత ఒకరికి నేయి, ఒకరికి నూనె వడ్డించువాని ఇంట భుజింపరాదన్నారు. కులముచేత పంక్తియే నిరాకరించుట ఒక పాపమైనచో, క్రీస్తు పేర పిలిచి కూర్చుండబెట్టి, రంగును చూచి వడ్డించుట మరింత ఘోరమైన పాపము. హిందూ గృహమున విస్తరి పోగొట్టుకొనిన కృష్ణమోహనులు, ఆ గాయము మానకమునుపే, క్రైస్తవ విద్యాలయములో తమవాని కట్టు బట్టపై వివాదమును చూడవలసి వచ్చినది. వారు సంఘమును విడువలేదు, మౌనమును వహింపలేదు. వంగదేశ క్రైస్తవుల సంఘమొకటి ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులై, క్రైస్తవుడగుట స్వదేశమునకు పరాయివాడగుట కాదని వృద్ధాప్యము వరకు చాటిరి. ఇండియన్ అసోసియేషను నాయకత్వమునను వారు నిలిచిరి. శిబ్‌పూరు ఆవరణము 1880లో ఇంజనీరింగు కళాశాలకు నెలవై, బిషప్స్ కళాశాల నగరములోనికి తరలినను, ఆయన దేహము ఆ పాత ఆవరణపు శ్మశానవాటికలోనే విశ్రమించినది.

మధుసూదనుని ప్రస్తావన వచ్చినది గనుక తెలుగువారికి ప్రీతిని గూర్చు ఒక్క సంగతి చెప్పి ముందునకు సాగెదను. కళాశాలను విడిచి మద్రాసు చేరిన ఆ కవి, 1849లో స్నేహితునికి వ్రాసిన ఉత్తరమున తన దినచర్యను వర్ణించుచు, హీబ్రూ, గ్రీకు, లాటినులతోబాటు మధ్యాహ్నము రెండు మొదలు ఐదు గంటల వరకు తెలుగును సంస్కృతమును అభ్యసించుచున్నానని తెలిపెను. వంగకవితకు క్రొత్త ఊపిరి పోసినవాడు మన భాషకు నిత్యము కొన్ని ఘడియలు కేటాయించెనని తలచినప్పుడెల్ల నా హృదయము పొంగును.

తెలుగు దేశమునకు ఈ నదీతీరముతో గల సంబంధము ఇంకను గాఢమైనది. విశాఖపట్టణమున మిషనరీగా శ్రమించి 1810లో మరణించిన డెగ్రాంజ్ అనువదించిన మూడు సువార్తలు 1812లో సెరాంపూరులోనే అచ్చయినవి. అదే సంవత్సరము మార్చి 11న ముద్రణాలయము దగ్ధమై, పోతపోసిన తెలుగు అక్షరములును వ్రాతప్రతులును నశించినవి. కేరీ మరల వ్రాసెను. పోతగాండ్రు మరల పోసిరి. 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడినవి. నేడును మన ప్రాంతములలో బి.డి. పట్టము పొందిన కాపరి చేతిలోని పత్రముపై సెరాంపూరు పేరే కలదు. 1918 నాటి శాసనము వలన ఏర్పడిన సెనేటు, దేశములోని వేదాంత కళాశాలలకు విశ్వవిద్యాలయము వంటిది. 1964లో రాజమహేంద్రవరపు లూథర్‌గిరిలో లూథరనులు, బాప్తిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు తమ తమ పాఠశాలల ప్రత్యేకతను విడిచి ఒక్కటిగా స్థాపించి, పిమ్మట హైదరాబాదునకు తరలించిన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కళాశాలయు ఈ సెనేటు పరిధిలోనిదే. మునిగి బాప్తిస్మము పొందినవాడును, శిశుప్రాయమున నీటిబొట్టుతో పొందినవాడును అచ్చట ఒకే గదిలో నిద్రించి, ఒకే గుడిలో ప్రార్థింప నేర్చుకొనిరి. నా అభిప్రాయమున తెలుగు క్రైస్తవ చరిత్రలో అంతకంటె సాహసకార్యములు తక్కువ.

దోర్నకల్లు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారిని ఈ నగరముననే, సెయింట్ పాల్స్ కతీడ్రలులో, 1912 డిసెంబరు 29న అభిషేకించిరి. భారతీయులలో ఆంగ్లికను బిషప్పులైనవారిలో ఆయన ప్రథములు. అంతకు రెండేండ్ల ముందు ఎడింబరోలో జరిగిన మహాసభలో, పాశ్చాత్య మిషనరీల త్యాగములను మెచ్చుకొనుచునే, మీరు మాకు స్నేహమును మాత్రము ఈయలేదని ఆయన నిర్భయముగా ప్రకటించినప్పుడు, ఆ ఆవేదన వెనుక భోజనపు బల్లలే యున్నవి. భారతీయ సహసేవకుని ఇంటికి భోజనమునకు పిలువని మిషనరీలు ఎందరో ఆయన ఎరుగును. తమిళుడైన ఆయన తెలుగు నేర్చి, మాల మాదిగ పల్లెలలో తిరిగి, ఆ రెండు కులముల నడుమ కూడ నీళ్లకుండలు వేరుగా నుండుట చూచి దుఃఖించెను. దోర్నకల్లు శిక్షణాలయమున ఉపదేశకులకు తోడు వారి భార్యలకును చదువు చెప్పబడినది. ఆ పని బిషప్పు భార్య అన్బుగారిది. భర్తకు వేదాంతము, భార్యకు వంటిల్లు అను విభజనను కొంతయైన చెరిపిన ఆ పద్ధతి, హన్నా పేరు వ్రాయని ఆ ఒడంబడికకు నూరేండ్ల తరువాత వచ్చిన సవరణగా నాకు తోచును.

ఇంతవరకు సమాజ జీవితమును గూర్చి చెప్పితిని. ధ్యానమును మరచితినని మీరు తలపకుందురు గాక. ఉదయారాధన, సంధ్యారాధన, నిద్రకు ముందు ప్రార్థన, వత్సరమున కొన్ని దినముల మౌనవ్రతము, ఇవి ఆంగ్లికను సంప్రదాయమున పెరిగిన కళాశాలలకు ప్రాణములు. కీర్తనల గ్రంథమును క్రమము తప్పక చదువువాడు, తనకు ఆ దినమున దుఃఖము లేకున్నను విలాపకీర్తనను పలుకవలసి వచ్చును. సంతోషము లేకున్నను స్తుతికీర్తనను పలుకవలసి వచ్చును. ప్రక్కవాని దుఃఖమును తన నోట పలుకుటయే సామూహిక ప్రార్థన యొక్క శిక్షణము. తన గదిలో ఏకాంతముగా చేయు ప్రార్థన అవసరమే గాని, అందులో మనిషి తనకు ఇష్టమైన దేవుని మాత్రమే కలిసికొను ప్రమాదము కలదు. గుడిలో ప్రక్కన కూర్చున్నవాడు, మునుపటి రాత్రి భోజనశాలలో తనతో కఠినముగా మాట్లాడినవాడు, ఆ ప్రమాదమునుండి కాపాడును. వాని స్వరముతో తన స్వరమును కలుపుటకు మనసొప్పని నాటి ధ్యానము ఎంతసేపు సాగినను ఫలింపదు.

ఈ సహవాసము కళాశాల గోడలతో ఆగిపోరాదు. సెరాంపూరునకు ప్రక్కనే నున్న రిష్రాలో 1855లో ఈ దేశపు మొదటి జనపనార మిల్లు వెలసినది. ఆ తరువాత హుగ్లీ రెండు గట్టుల మిల్లులకు గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి తెలుగు కూలీలు వేలాదిగా వచ్చిరి; టీటాగఢ్ వాడలలో తెలుగు మాట తరతరములుగా వినవచ్చినది. నది దాటినచో చేరగల ఆ వాడకు, మన జిల్లాలనుండి వచ్చి సెరాంపూరులో గ్రీకు చదువు విద్యార్థి ఎన్నిసార్లు పోవుచున్నాడు? పోయినచో బోధించుటకా, కలిసి భుజించుటకా? బోధించుటకు పోవుట సులభము. వారి ఇంట అన్నము తినుటకు, వారు చెప్పినది వినుటకు పోవుటయే కష్టము. వేదాంత విద్యార్థికి అది ఒక తరగతి పాఠముకంటె ఎక్కువ నేర్పును.

ఇక నా మనవులు. కృష్ణమోహనుల పేర పతకములను, బహుమానములను స్థాపించుటకంటె, కళాశాలలలో శనివారపు సాయంకాల సమావేశమును పునరుద్ధరింపుడని అర్థించుచున్నాను. అందులో ఆచార్యులు ఉన్నతాసనముల నధిష్ఠింపక విద్యార్థులతో కలిసి కూర్చుండవలెను. ఫిర్యాదు విద్యార్థి ఆచార్యునిపై చేయవచ్చును, ఆచార్యుడు తన తప్పు నొప్పుకొనవచ్చును. గృహనిర్వహణ నెలకొకరి వంతుగా తిరుగవలెను, ఆ వంతు అధ్యక్షునికిని తప్పరాదు. ఆ నెలలో వంటశాల లెక్కలు ఆయన చూడవలెను, వడ్డన ఆయన చేయవలెను. వంటవారును, పాకీవారును, ద్వారపాలకులును వారమున కొక్కపూటయైన విద్యార్థుల పంక్తిలోనే కూర్చుండి భుజింపవలెను. ఆ పూట వడ్డించువారు విద్యార్థులు. ఏటేట ప్రచురించు నివేదికలో పట్టభద్రుల పేర్లతోబాటు వీరి పేర్లును ముద్రింపవలెను. ఈ ఏర్పాటునకు నిధులు అవసరము లేదు, సెనేటు అనుమతియు అవసరము లేదు. రాబోవు విద్యాసంవత్సరమున మొదటి శనివారమునుండియే ఆరంభింపవచ్చును.